మోటరు చల్లబడిందా

24 మే 2021, సోమవారం

ల్యాప్‌టాప్ బటన్ నొక్కి టీ పెట్టాను. టీ మరిగింది, తాగాను, నా గ్లాసు కడిగాను, అవ్వ గ్లాసు కూడా కడిగాను. వచ్చి చూస్తే నల్లటి తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. పదింటి మీటింగ్‌లోకి నేను దూరేసరికి మా మేనేజర్ హేతల్ బెన్ అందరికీ పని పంచేసింది. నన్ను చూసి గుడ్ ఆఫ్టర్‌నూన్ అంది. అందరూ మ్యూట్‌లో నవ్వారు. మ్యూట్‌లో నవ్వితే కనబడదనుకుంటారు కాబోలు.

ఉద్యోగం ట్రయల్ మీద ఉంది. ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే కంపెనీ. ఆఫీసు సూరత్‌లోనే ఆల్థాన్ వైపు, నేను మాత్రం గోడాదరాలో మా ఇంటి ముందుగదిలో. చీర ఫోటో పెట్టాలి, రంగు రాయాలి, బోర్డర్ రాయాలి, బట్ట పేరు రాయాలి. జూన్ ఆఖరున పర్మనెంట్ చేసేదీ లేనిదీ హేతల్ బెన్ చెబుతుంది.

చేయకపోతే మేం సూరత్ వదిలేస్తాం. బాపు నడిపే మరమగ్గాలు, మా మాటలో సాంచాలు, ఏప్రిల్‌లో ఆగిపోయాయి. సేఠ్ షెడ్డుకు తాళం వేసి, మళ్లీ ఎప్పుడు తెరుస్తానో నాకే తెలియదన్నాడు. మా గల్లీలో సగం ఇళ్లకు తాళాలు, అందరూ సిరిసిల్ల బస్సు ఎక్కేశారు. అవ్వ అటక మీది గిన్నెలు అప్పుడే కిందికి దించింది. నా ఉద్యోగం నిలిస్తే ఉంటాం, లేకపోతే జూలైలో మేమూ బస్సు ఎక్కుతాం. ఇది ఇంట్లో తేల్చిన మాట.

నేను పుట్టింది ఇక్కడ, అమ్మానాన్నలను అవ్వ, బాపు అని పిలవడం మాత్రం సిరిసిల్ల నుంచే వచ్చింది. సిరిసిల్ల అంటే నాకు ఎండాకాలం సెలవులు, దోమలు, నేను తెలుగులో నోరు తెరిస్తే పడీ పడీ నవ్వే మేనత్త కూతుళ్లు. నాకు వెళ్లాలని లేదు. ఈ మాట అవ్వతో అనలేను, బాపుతో అసలే అనలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇంత పెద్ద విషయం ఈ పాత డబ్బా మీద ఆధారపడి ఉంది. రింగ్ రోడ్డు మార్కెట్‌లో ఎవరో అకౌంటెంట్ వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఇది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జర్ వైరు లాగితే ఆ క్షణమే ఆరిపోతుంది.

25 మే, మంగళవారం

ఇవాళ టీతో పాటు ఉప్మా కూడా అయింది.

27 మే, గురువారం

తెర మీద వచ్చే ముక్క ఇవాళ ఆగి చదివాను. మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం, కంప్యూటర్ ఆపవద్దు, అని ఇంగ్లీషులో. ఏం మార్పులు? నేనేం మార్చానని? నా ఫోన్‌లో వెతికితే ఏదో అప్‌డేట్ ఎక్కబోయి సగంలో ఫెయిలవుతోందని తెలిసింది. ఫెయిలైన ప్రతిసారీ ఎక్కిందంతా పీకేసి పాతది మళ్లీ పెడుతుందట. అందుకే పొద్దున్నే అంత సేపు. ఎందుకు ఫెయిలవుతోందో మాత్రం ఒక్కడూ తిన్నగా చెప్పడు.

ఒక హిందీ వీడియోలో ఒకతను స్టార్టప్‌లో ఉన్నవన్నీ ఆపమన్నాడు. ఆపాను. ఇంకొకతను డిస్క్‌లో చోటు లేకపోతే ఇలాగే అవుతుందన్నాడు. చూస్తే చోటంతా మా అక్క సంగీత పెళ్లి వీడియో ఆక్రమించింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి డిలీట్ కొట్టాను. అవ్వ నా పక్కనే నిలబడి, పోయిందా, పోలేదు కదా, అని ఎన్నిసార్లు అడిగిందో. చివరికి పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి అప్పగింతల దాకా చూసి, ఏడ్చి, అప్పుడు నమ్మింది.

ల్యాప్‌టాప్ రోగమేంటో అవ్వకు తెలిసిపోయింది, దిష్టి. కొత్త నౌకరి కదా, గల్లీలో ఉన్న నాలుగిళ్ల కళ్లూ నా మీదే ఉన్నాయట. నిమ్మకాయ, ఎండు మిరపకాయలు తిప్పి బయట పడేసింది. ల్యాప్‌టాప్ మూతకు కుంకుమ బొట్టు కూడా పెట్టింది. వద్దనలేదు. ఎవరికి తెలుసు, పని చేస్తే చేయనీ.

బాపు సంగతి వేరు. ఇన్నేళ్లు సాంచాల మోతలో బతికిన మనిషికి ఇంటి నిశ్శబ్దం పడడం లేదు. ఇల్లంతా తిరుగుతాడు. కుళాయి బిగిస్తాడు, గ్యాస్ బండ మీద చెయ్యేసి చూస్తాడు, తుడిచిన ఫ్యాన్ రెక్కలే మళ్లీ తుడుస్తాడు. ఒక్కచోట కూర్చోరాదా అని అవ్వ విసుక్కుంటుంది. సాయంత్రం ఏడయితే షిఫ్ట్ దిగినట్టు కాళ్లు కడుక్కుని కూర్చుంటాడు. ఆ కాళ్లు కడుక్కోవడం చూడకుండా నేను మొహం తిప్పుకుంటాను.

29 మే, శనివారం

లేచింది! టీ నీళ్లు ఇంకా వేడి కూడా కాలేదు, లేచి కూర్చుంది!

నిన్న మధ్యాహ్నం లంచ్ టైములో దాని వెనక మూత ఊడదీశాను. బాపు స్క్రూడ్రైవర్లన్నీ సాంచాలకు పనికొచ్చే సైజువి, ఒక్కటీ పట్టలేదు. కళ్లజోడు స్క్రూలు తిప్పే చిన్నది ఎదురింటి నుంచి తెచ్చాను. బాపు పక్కన గొంతుకూర్చుని ఒక్కో స్క్రూను తీసిన వరసలో చాప మీద పెట్టించాడు. లోపల ఫ్యాన్ చుట్టూ దారపు నూగు దిమ్మలా పేరుకుపోయింది. మా గోడకు అవతల నిన్నమొన్నటి దాకా సాంచాలు నడిచాయి, ఇక్కడ అన్నంలోనూ నూగే, ల్యాప్‌టాప్‌లో ఉండడంలో వింతేముంది. బాపు తన షెడ్డు బ్రష్ తెచ్చి, నన్ను పక్కకు జరగమని, ఒక్కో రెక్కా తుడిచాడు. చాలా రోజులకు ఆయన చేతికి ఒక మిషన్ దొరికింది. మధ్యలో సన్నగా ఈల కూడా వేశాడు.

ఈ సంతోషం చూడడానికి బాపు మాత్రం ఇంట్లో లేడు. నిన్న సాయంత్రమే ఊరి ఆ చివర ఉన్న భేస్తాన్ వెళ్లాడు, పరుశురాం కాకను చూడడానికి. కాక, బాపు ఒకే షెడ్డులో జోడీగా సాంచాలు నడిపినవాళ్లు. కరోనాతో ఆస్పత్రిలో పడి కాక మొన్ననే ఇంటికొచ్చాడు. రాత్రి కర్ఫ్యూ కదా, బాపు అక్కడే పడుకున్నాడు. పొద్దున ఫోన్ చేసి చెబితే, కాక బాగానే ఉన్నాడని, కాలిన మచ్చ ఉన్న చేతికే ఆక్సీమీటర్ పెట్టుకుని ఆడుకుంటున్నాడని చెప్పాడు. ల్యాప్‌టాప్ లేచిందంటే, బ్రష్ పడ్డది కదా మరి, అన్నాడు. అవ్వ మాత్రం మిరపకాయల వల్లే అంటోంది. హిందీ వీడియో అతను కూడా తన వల్లే అనుకుంటాడు. ఎవరి వల్లయితే నాకేం.

3 జూన్, గురువారం

బాగుంది. రాయడానికేమీ లేదు. హేతల్ బెన్ నన్ను పేరు పెట్టి పిలిచింది, మెచ్చుకోలుగానే.

10 జూన్, గురువారం

మళ్లీ మొదలు.

నిన్న కూడా ఇంతే, కళ్లు మూసుకుని ఒక్కరోజే అనుకున్నాను. ఇవాళ అదే నల్లటి తెర, అవే చుక్కలు, మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం. వెనక మూత మళ్లీ ఊడదీశాను, నూగు లేదు. స్టార్టప్‌లో ఏమీ లేదు. డిస్క్‌లో కావలసినంత చోటుంది. దాన్ని చూస్తూ గట్టిగా తిట్టాను. అవ్వ వంటింట్లోంచి ఎవరిని అంటున్నావే అని అడిగింది.

హేతల్ బెన్ ఈసారి గుడ్ ఆఫ్టర్‌నూన్ అనలేదు. మీటింగ్ అయ్యాక విడిగా ఫోన్ చేసింది. పని బాగుందట. కానీ రోజూ పొద్దున నా కోసం పది మంది ఆగలేరట. గొంతు పెంచకుండా చెప్పింది. అరిస్తే ఇంత భయపడేదాన్ని కాదు.

11 జూన్, శుక్రవారం

మెయిన్ రోడ్డులో ఓంప్రకాష్ రిపేరు షాపులో ఇచ్చి వచ్చాను. మాస్క్ గడ్డం కిందికి లాక్కుని, హార్డ్ డిస్క్ పోతున్నట్టుంది, రెండ్రోజులు పెట్టి చూస్తానన్నాడు. రేపటి పని ఫోన్ మీద చేయాలి. చీర బోర్డర్ ఫోన్‌లో ఎలా కనిపిస్తుంది, నా బొంద.

13 జూన్, ఆదివారం

ఓంప్రకాష్ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేశాడు, దేనికీ డబ్బు తీసుకోలేదు. ఏమీ చేయలేదట. చేయడానికి ఏమీ లేదట. నిన్న పొద్దున ఆన్ చేస్తే టక్కుమని లేచింది, ఇవాళా లేచింది, నా కళ్ల ముందు ఇంకోసారి చేసి చూపించాడు. డిస్క్ కూడా బాగానే ఉందట. తన కొడుక్కి కూడా ఇదే జబ్బని నవ్వాడు, స్కూలు అనగానే కడుపునొప్పి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మాయం.

15 జూన్, మంగళవారం

నిన్న బాగుంది. ఇవాళ లేదు.

షాపులో మంచిది, మా ఇంట్లో మొండిది. అంటే ఇంట్లోనే ఏదో ఉంది. కరెంటు అనుకున్నాను. మొన్న తుఫాను గాలికి మా లైను ఎన్నిసార్లు పోయి వచ్చిందో. ఆ మాట పైకి అన్నాను. బాపు లేచి టెస్టర్ తెచ్చి బోర్డు విప్పి, ఒక్కో తీగా చూసి, మళ్లీ బిగించి, లైను సాఫుగా ఉందన్నాడు. ఆ బోర్డు బాపు స్వయంగా పెట్టింది. నేను దాన్ని అనుమానించడం ఆయనకు నచ్చలేదు. బోర్డు మూతను అవసరమైన దానికంటే గట్టిగా బిగించాడు.

సాయంత్రం హేతల్ బెన్ మెసేజ్. సోమవారం కంపెనీ పార్ట్‌నర్లు కొత్త కలెక్షన్ చూస్తారట. కేటలాగ్ నేను చేసింది కాబట్టి స్క్రీన్ షేర్ నేనే చేయాలట. సరిగ్గా పదింటికి. ఆ రోజు ఆలస్యమైతే మంగళవారం నుంచి లాగిన్ అవాల్సిన పని లేదు.

అవ్వ కిరాణా కొట్టు నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి మంచం కింద తోసింది. నేను చూడలేదనుకుంది.

18 జూన్, శుక్రవారం, మధ్యాహ్నం

రాయడానికే సిగ్గుగా ఉంది. లంచ్ టైములో కూర్చుని ల్యాప్‌టాప్ బాగున్న రోజులను గుర్తు చేసుకున్నాను. అది కుదురుకున్నది ఎప్పుడెప్పుడు? మేలో ఆ శనివారం. మొన్న ఓంప్రకాష్ షాపులో. షాపులో ఉన్నప్పుడు మా ఇంటివాళ్లెవరూ దాని దగ్గర లేరు. సరే, ఆ శనివారం ముందు రాత్రి? అవ్వ ఉంది, నేనున్నాను. బాపు భేస్తాన్‌లో ఉన్నాడు.

బాపు! కంప్యూటర్ మూత ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియని మనిషి. నా బుర్ర పాడైంది. ఇక దయ్యాల డాక్టర్ దగ్గరికి పోవడం ఒక్కటే తక్కువ.

అయినా సాయంత్రం చూస్తాను.

అదే రోజు, రాత్రి 8

చూశాను.

రోజూలాగే పని అవగానే షట్‌డౌన్ నొక్కి, మూత వేసి, దుమ్ము పడకుండా జాకెట్ ముక్క కప్పి వంటింట్లోకి వచ్చాను. వంటింటి తలుపు పక్కన నిలబడ్డాను. బాపు కాళ్లు కడుక్కుని వచ్చాడు. తువాలుతో చేతులు తుడుచుకున్నాడు. కిటికీ గొళ్లెం చూశాడు, ఫ్యాన్ ఆపాడు. ల్యాప్‌టాప్ మీద బట్ట కొద్దిగా ఎత్తి, దాని పొట్టకు చేయి ఆనించాడు. అరచేయి కాదు, చేతి వెనక వైపు. జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు. తల అడ్డంగా ఊపాడు. గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ తీసేశాడు.

టక్.

నేను ముందుగదిలోకి పరుగెత్తాను. బాపూ ఏం చేస్తున్నావని అరిచాను. బాపు కంగారుపడలేదు. నన్ను మందలించకూడదని ఆగి ఆగి, ఇక తప్పదన్నట్టు చెప్పాడు.

"మూత పెట్టినవు, బట్ట కప్పినవు, పోయినవు. లోపల మోటరు తిరుగుతనే ఉన్నది బిడ్డా. గట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోతరు?"

రోజూ తీస్తున్నావా అని అడిగాను.

"నీ నౌకరి సురువైనకాన్నుంచి. అలిసిపోయి మరుస్తున్నవనుకున్న. పొద్దుగాల నువ్వు లేవకముందే మళ్ల ఏసి పెడుతున్న గద. షిఫ్ట్ మారెటప్పుడు మిషన్ మంచిగ అప్పజెప్పాలె."

మొత్తం అర్థమైంది. నేను నొక్కే బటన్ మీద 'అప్‌డేట్ చేసి షట్‌డౌన్' అని ఉంటుంది, నేనెప్పుడూ చదవలేదు. ఆకలి మీద టక్కున నొక్కి మూత వేసేస్తాను. మూత కింద అది అప్‌డేట్ ఎక్కించుకుంటూ వేడెక్కుతూ ఉంటుంది. బాపు వచ్చి చెయ్యి పెట్టి చూసి, పాపం మోటరు నడుస్తోందని కరెంటు తీసేస్తాడు. బ్యాటరీ లేదు కాబట్టి ఆ క్షణమే చస్తుంది. పొద్దున నేను ఆన్ చేస్తే సగంలో ఆగిందంతా పీకి వెనక్కి పెట్టుకుంటుంది. అప్‌డేట్ లేని రోజుల్లో అది నొక్కగానే ఆరిపోయేది కాబట్టి బాపు స్విచ్ తీసినా నష్టం లేదు. భేస్తాన్ వెళ్లిన రోజు, షాపులో ఉన్న రోజు దానికి పూర్తి చేసుకునే తీరిక దొరికింది. ఒకటి ఎక్కగానే ఇంకోటి వచ్చి కూర్చుంటోంది, అంతే.

నాకు నవ్వొచ్చింది. ఇన్ని రోజుల భయం అంతా నవ్వులా బయటికొచ్చింది, ఆపుకోలేక గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. విషయం చెబితే అవ్వ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "నీ బిడ్డ నౌకరి నువ్వే తీస్తుంటివి గదయ్యా" అంది.

బాపు నవ్వలేదు. నేను చెప్పిందంతా విన్నాడు. నా వల్లనేనా, అని ఒక్కసారి అడిగాడు. అన్నం దగ్గర రెండోసారి పెట్టించుకోలేదు.

19 జూన్, శనివారం

బాపు ఇవాళ ఒక్క స్విచ్ ముట్టుకోలేదు.

పొద్దున చీకటి గదిలో కూర్చుని, లైటు వెయ్యమని అవ్వను పిలిచాడు. ఉక్క పోస్తుంటే ఫ్యాన్ వేసుకోకుండా తువాలుతో విసురుకున్నాడు. మధ్యాహ్నం కుళాయి బొట్టు బొట్టుగా కారుతున్నా లేవలేదు. నేను వెళ్లి బిగించాను, సరిగా బిగియలేదు. సాయంత్రం ఏడయింది, కాళ్లు కడుక్కోలేదు. గడప మీద కూర్చుని తాళాలేసిన ఇళ్ల వైపు చూస్తున్నాడు.

అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది, నేను చిన్నపిల్లగా ఉన్నప్పటి సంగతి. పాత షెడ్డులో ఒక సాంచాకు బెల్టు తెగింది. దాన్ని నడిపేవాడు, సాంచా ఆగింది కదా అని ఇంటికి పోయాడు. కింద మోటరు మాత్రం ఊరికే తిరుగుతూ తిరుగుతూ కాలి, దారం తుక్కు అంటుకుంది. మెయిన్ తీయడానికి లోపలికి దూరింది పరుశురాం కాక. ఆ చేతి మీది మచ్చ అదే. ఆ రోజు నుంచి బాపు ఆఖరి మనిషిగా ఆగుతాడట. అందరూ వెళ్లాక ఒక్కో మోటరుకు చెయ్యి ఆనించి, అన్నీ చల్లబడ్డాకే మెయిన్ తీసి, అప్పుడు ఇల్లు చేరేవాడట. చిన్నప్పుడు బాపు అందరి కంటే ఆలస్యంగా ఎందుకొస్తాడని ఏడ్చేదాన్ని నేను. ఛాయ్ దగ్గర కబుర్లలో పడతాడనుకున్నాను ఇన్నాళ్లూ.

నవ్వకుండా ఉండాల్సింది. నిజంగా ఉండాల్సింది.

ల్యాప్‌టాప్ ఇవాళా ఆలస్యమే. కానీ ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు. రేపు ఆదివారం. ఇవాళ అప్‌డేట్ లేకుండా ఉత్త షట్‌డౌన్ నొక్కాను, అప్‌డేట్ రేపు బాపు ముందే చేస్తాను.

20 జూన్, ఆదివారం

పొద్దున బాపు ముందు ల్యాప్‌టాప్ పెట్టాను. ఈసారి మూత వేయలేదు. బాపు జరిగి కూర్చున్నాడు, దూరంగా. నేను అన్నాను:

"బాపూ, ఆఖరుకు పొయ్యేది నువ్వే. మెయిన్ నువ్వే తియ్యాలె. నాకు ఎప్పుడు సల్లవడ్తదో తెల్వది, నువ్వే చూసి చెప్పు."

నా తెలుగు వంకరగానే వచ్చి ఉంటుంది, సిరిసిల్ల పిల్లలైతే నవ్వేవాళ్లు. బాపు నవ్వలేదు. జరిగి దగ్గరికి వచ్చి మఠం వేసుకుని కూర్చున్నాడు.

అప్‌డేట్ మొదలుపెట్టాను. తెర మీద అంకె మెల్లగా పెరుగుతోంది. ఇరవై దాటాక చాలాసేపు కదల్లేదు. అవ్వ కూరగాయలు తెచ్చుకుని అక్కడే తరగడం మొదలుపెట్టింది. అంకె పెరిగినప్పుడల్లా బాపు పైకి చదివాడు. మధ్యలో తెర మొత్తం ఆరిపోయింది. బాపు చెయ్యి స్విచ్ వైపు లేచింది. నేనేమీ అనకముందే తనే ఆపుకుని, ఫ్యాన్ దగ్గర చేతి వెనక వైపు పెట్టి చూసి, ఇంకా నడుస్తున్నది, ఆగాలె, అన్నాడు. నిజమే, మళ్లీ వెలిగి మిగతాది ఎక్కించుకుంది. నాకంటే ముందు ఆయనకే తెలిసింది.

సొరకాయ తరగడం అయింది, కూర కూడా ఉడికింది. ఏదో పెళ్లిలో అక్షింతలకు కూర్చున్నట్టు ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. వంద వచ్చింది. దానంతట అది మామూలుగా లేచింది. షట్‌డౌన్ నొక్కాను, ఈసారి చదివి మరీ నొక్కాను. తెర ఆరింది, పక్కన చిన్న లైటు ఆరింది, ఫ్యాన్ చప్పుడు సన్నబడి ఆగింది. బాపు చెయ్యి ఆనించాడు. నేనూ ఆనించాను. వెచ్చగా ఉంది. ఇద్దరం అలాగే ఆగాం.

సల్లవడ్డది, అన్నాడు. లేచి వెళ్లి స్విచ్ తీశాడు. ఆ దారిలోనే వంటింట్లోకి వెళ్లి కుళాయి బిగించి వచ్చాడు.

21 జూన్, సోమవారం

టీ పొడి డబ్బా మూత తీసేలోపు లేచింది.

పదింటికి అందరికంటే ముందు నేనే ఉన్నాను. హేతల్ బెన్ వచ్చి, మీటింగ్‌లో నేనొక్కదాన్నే ఉండడం చూసి, టైము తప్పు చూసుకుందేమోనని తన వాచీ చూసుకుంది. స్క్రీన్ షేర్ చేశాను. పార్ట్‌నర్లలో ఒకాయన ఒక చీర దగ్గర ఆపి, ఈ బోర్డర్ నేత గురించి ఇంత వివరంగా ఎవరు రాశారని అడిగాడు. నేనే అన్నాను. మా ఇంట్లో సాంచాలు నడిపే మనిషి ఉన్నాడు, అడిగి రాశాను, అని కూడా అన్నాను. వెనక గుమ్మం దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. కెమెరాలో ఆయన చెయ్యి మాత్రం పడింది, టీ గ్లాసుతో.

అయ్యాక బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. హాయిగా ఉంది.

30 జూన్, బుధవారం

పర్మనెంట్!

హేతల్ బెన్ ఫోన్ చేసి చెప్పింది. జూలై నుంచి. ఇంకా ఏదో చెప్పింది, నాకు ఆ ఒక్క ముక్కే వినబడింది. అవ్వ మంచం కింది అట్టపెట్టెలు లాగి, ఒక్కోటి తొక్కి పలకలు చేసి, మళ్లీ కిరాణా కొట్టువాడికే ఇచ్చి వచ్చింది. గిన్నెలు అటకెక్కించమని బాపుకు చెప్పింది. బాపు స్టూలెక్కి సర్దుతూ సన్నగా ఈల వేశాడు. సిరిసిల్ల మేనత్తకు నేనే ఫోన్ చేశాను, ఈ ఏడు రావడం లేదని. ఆమె నొచ్చుకుంది. నేను నొచ్చుకున్నట్టు మాట్లాడాను.

రోజూ సాయంత్రం ఏడింటికి మెయిన్ డ్యూటీ బాపుదే. నేను మూత తెరిచే ఉంచి లేస్తాను. ఆయన చూసుకుంటాడు.

9 జూలై, శుక్రవారం

బాపుకు పని దొరికింది. భేస్తాన్‌లో పరుశురాం కాక చేరిన షెడ్డులోనే. సోమవారం నుంచి, రాత్రి షిఫ్ట్. మరి సాయంత్రం ల్యాప్‌టాప్ ఎవరు చూస్తారని బాపు అడిగాడు, నిజంగానే దిగులుపడుతూ. నేనున్నాను కదా అన్నాను. సరే అనలేదు. చూద్దాం అన్నాడు.

12 జూలై, సోమవారం, సాయంత్రం

షట్‌డౌన్ నొక్కగానే ఫోన్ మోగింది. బాపు. వెనక సాంచాల హోరు, మాట సరిగా వినబడడం లేదు. గట్టిగా అరిచి అడిగాడు.

"మోటరు సల్లవడ్డదా?"

చేతి వెనక వైపు ఆనించాను. ఇంకా లేదన్నాను. ఫోన్ పెట్టకుండా ఇద్దరం ఆగాం. చల్లబడింది, అన్నాను. స్విచ్ తీశాను.

ఆ చప్పుడు వినేదాకా బాపు ఫోన్ పెట్టలేదు.